చేతులకు పని చూపిన డాక్టరమ్మ

మాంటిస్సోరి అనగానే మన ఇళ్లలో అందరికీ గుర్తొచ్చేది పిల్లల బడి. గౌరిబిదనూరులోనో చిక్కబళ్లాపురంలోనో బెంగుళూరులోనో మనవణ్ణి చేర్చిన బడి, రంగురంగుల చెక్క ముక్కలు, జానెడు ఎత్తు కుర్చీలు. ఆ పేరు ఒక మనిషిదని, ఆమె మొదట మానసిక రోగుల ఆసుపత్రిలో పనిచేసిన డాక్టరని, యుద్ధకాలంలో మన పక్కనే ఉన్న మద్రాసులో ఏళ్ల తరబడి ఉన్నారని చాలామందికి తెలియదు. ఆమె పిల్లల కోసం కట్టిన పద్ధతిని ఇప్పుడు అల్జీమర్స్ వచ్చిన పెద్దవాళ్లకు రోజువారీ పనులు తిరిగి అలవాటు చేయడానికి వాడుతున్నారన్న సంగతి ఇంకా తక్కువమందికి తెలుసు. అందుకే ఈసారి ఆమె జీవితం రాయాలనుకున్నాం.

మన తొండేభావి చుట్టుపక్కల పాత తెలుగు ఇళ్లలో ఇప్పుడు పెద్దవాళ్లే ఎక్కువ. పిల్లలు పొద్దున రైలెక్కి బెంగుళూరు పోయి చీకటి పడ్డాక వస్తారు, లేదా అక్కడే ఉండిపోతారు. ఇంట్లో అవ్వకో తాతకో మతి తప్పుతుంటే, కన్నడంలో చెప్పే అరవత్తక్కె అరళు మరళు అన్న సామెత మనమూ చెప్పుకుని ఊరుకుంటాం. అన్ని మతిమరుపులూ వయసు వల్ల వచ్చేవి కావు. 2023లో వెలువడిన ఒక దేశవ్యాప్త అధ్యయనం లెక్క ప్రకారం 60 దాటిన భారతీయుల్లో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. డిమెన్షియా తెచ్చే జబ్బుల్లో అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది అల్జీమర్స్.

మరియా మాంటిస్సోరి 1870 ఆగస్టు 31న ఇటలీలోని కియరవల్లె అనే చిన్న ఊళ్లో పుట్టారు. తండ్రి ప్రభుత్వ ఉద్యోగి. ఆడపిల్ల డాక్టరు చదువు చదవడమేమిటని ఆయనకు ఇష్టం లేదు, తల్లి మాత్రం వెనక నిలబడింది. వైద్య కళాశాలలో మగవాళ్ల నడుమ ఒక ఆడమనిషి శవపరీక్ష చేయడం బాగుండదని, అందరూ వెళ్లిపోయాక సాయంత్రం పూట ఆమె ఒక్కరే ఆ గదిలో పని నేర్చుకోవలసి వచ్చింది. 1896లో రోమ్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా తీసుకున్నారు. ఇటలీలో ఆ పట్టా పొందిన మొదటి కొద్దిమంది ఆడవాళ్లలో ఆమె ఒకరు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయం మానసిక వైద్యశాలలో చేరారు. రోగుల కోసం రోమ్‌లోని పిచ్చాసుపత్రులకు వెళ్లి రావడం ఆమె పనిలో భాగం. అప్పట్లో బుద్ధి ఎదగని పిల్లలను కూడా పెద్ద రోగులతో పాటు అక్కడే పడేసేవారు. ఒక ఉత్తి గదిలో పిల్లలు అన్నం తిన్నాక నేల మీద పడిన రొట్టె ముక్కల కోసం పాకేవారు. అది తిండి యావ అని అక్కడి ఆయా ఈసడించుకుంది. మాంటిస్సోరికి అలా తోచలేదు. ఆ గదిలో బొమ్మ లేదు, గిన్నె లేదు, చేత్తో పట్టుకోవడానికి ఏ వస్తువూ లేదు. పిల్లల చేతులు వెతుకుతున్నది తిండిని కాదు, పనిని అని ఆమెకు అర్థమైంది.

ఇక్కడ కొంచెం ఆగుతాం. మతిమరుపు ముదిరిన పెద్దవాళ్లు చీర కొంగు మెలిపెడుతూ కూర్చోవడం, దుప్పటి అంచు దారాలు పీకడం, అల్మారాలో బట్టలన్నీ లాగి కింద పోయడం మనలో చాలామంది చూసే ఉంటాం. చూసి విసుక్కునే ఉంటాం. ఆ ఆయా చూసినదానికీ మాంటిస్సోరి చూసినదానికీ ఉన్న తేడా ఆ వేళప్పుడు గుర్తొస్తే చాలు.

ఆమె ఫ్రాన్సుకు చెందిన ఇటార్, సెగ్విన్ అనే ఇద్దరు డాక్టర్ల పుస్తకాలు తెప్పించి చదివారు. వాళ్లిద్దరూ బుద్ధిమాంద్యం ఉన్న పిల్లలకు మాటలతో కాకుండా చేతి పనితో, స్పర్శతో చదువు చెప్పవచ్చని చూపినవాళ్లు. ఆ పుస్తకాలను ఆమె మొదటి నుంచి చివరి దాకా తన చేత్తో ఇటాలియన్‌లోకి రాసుకున్నారట. సెగ్విన్ పుస్తకం ఒక్కటే దాదాపు 600 పేజీలు. ముప్పై ఏళ్లు ఆఫీసులో నకళ్లు రాసిన మాకు ఈ సంగతి చదివినప్పుడు ఆమె మీద గౌరవం ఇంకొంచెం పెరిగింది. చేత్తో రాసిన ముక్క తలకు పట్టినట్టు కళ్లతో చదివినది పట్టదు. 1900లో అలాంటి పిల్లల కోసం రోమ్‌లో తెరిచిన బడికి ఆమె బాధ్యత తీసుకున్నారు. కొన్నాళ్లకు అక్కడి పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్షలే రాసి నెగ్గారు. అందరూ అద్భుతమన్నారు. ఆమెకు మాత్రం ఇంకో అనుమానం పుట్టింది: ఈ పిల్లలే ఇంత చేస్తే మామూలు పిల్లలు ఇంతకంటే ఎందుకు చేయలేకపోతున్నారు?

ఈ కాలంలోనే ఆమె జీవితంలో ఒక దుఃఖం ఉంది. తోటి డాక్టరుతో స్నేహం, పెళ్లి కాకుండానే 1898లో కొడుకు. అప్పటి ఇటలీలో అది బయటపడితే ఉద్యోగం, పేరు రెండూ పోయేవి. మారియో అనే ఆ పిల్లవాణ్ణి పల్లెలో ఇంకొకరి ఇంట పెంచారు. పదిహేనేళ్ల వయసు వచ్చాకనే తల్లి దగ్గరికి చేరాడు. అప్పుడు కూడా చాలాకాలం లోకానికి మేనల్లుడిగానో పెంపుడు కొడుకుగానో పరిచయం. ఆ తర్వాత తల్లి చనిపోయేదాకా ఆమె వెంటే ఉన్నాడు.

ఆఫీసులో పనిచేసినవాళ్లకు తేదీల పిచ్చి ఒకటి ఉంటుంది. 1906 నవంబరు 3న జర్మనీలోని ట్యూబింగెన్‌లో అలోయిస్ అల్జీమర్ అనే డాక్టరు ఒక వైద్యుల సభలో తన రోగి గురించి చెప్పాడు. ఆగస్టె డేటర్ అనే ఆవిడ 51వ ఏట ఫ్రాంక్‌ఫర్ట్ ఆసుపత్రిలో చేరింది. తన పేరు రాయమంటే మొదలుపెట్టి పూర్తి చేయలేకపోయేది. ఆ సభలో ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. తర్వాత ఆ జబ్బుకే ఆయన పేరు పెట్టారు. ఇది జరిగిన రెండు నెలలకు, 1907 జనవరి 6న, రోమ్‌లో శాన్ లొరెంజో అనే పేదల పేటలో మాంటిస్సోరి తన మొదటి పిల్లల ఇల్లు తెరిచారు. వీళ్లిద్దరికీ ఒకరి పని ఒకరికి సంబంధం లేదు. కానీ ఆయన పేరు పెట్టుకున్న జబ్బుకు ఆమె పేరు పెట్టుకున్న పద్ధతి 80, 90 ఏళ్ల తర్వాత అక్కరకు వచ్చింది.

శాన్ లొరెంజోలో కూలీల పిల్లలు యాభై మంది దాకా. అమ్మానాన్నలు పనికి పోతే మెట్ల మీద తిరుగుతూ గోడలు పాడుచేస్తున్నారని, ఆ ఇళ్ల యజమానులే ఒక గది ఇచ్చి వీళ్లను చూసుకోమన్నారు. ఆమె అక్షరాలతో మొదలుపెట్టలేదు. చేతులు కడుక్కోవడం, గుండీలు పెట్టుకోవడం, నీళ్లు ఒక చెంబు నుంచి ఇంకో చెంబులోకి ఒలకకుండా పోయడం, ఊడవడం, మడతపెట్టడం. గుండీల కోసం ఒక చెక్క చట్రానికి రెండు బట్ట ముక్కలు బిగించి, దాని మీద గుండీలు ఒక్కటే నేర్చుకునేలా చేశారు. పని మొత్తాన్ని ఒకేసారి పెట్టకుండా, అందులో కష్టమైన ముక్కను విడదీసి అదొక్కటే ముందు పెట్టడం ఆమె పద్ధతికి ప్రాణం.

ఒకరోజు ఆమె పిల్లలకు ముక్కు చీదుకోవడం ఎలాగో చూపించారు. చేతిరుమాలు ఎలా తీయాలి, చప్పుడు కాకుండా ఎలా తుడుచుకోవాలి, ఎలా మడిచి పెట్టుకోవాలి. అయిపోగానే పిల్లలంతా చప్పట్లు కొట్టారు. అది ఆమెకే వింతగా తోచింది. ఆలోచిస్తే తెలిసింది: ఆ పిల్లలను ముక్కు కారుతోందని అందరూ తిట్టేవారే గాని, అవమానం లేకుండా ఎలా తుడుచుకోవాలో ఒక్కరూ చూపలేదు. ఆమె జీవితంలో మాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఇదే. తువ్వాలు ఎక్కడ వేయాలో మరిచిపోయిన మామగారికి కూడా దక్కేది చాలాసార్లు తిట్టే.

తర్వాతి ముప్పై ఏళ్లు పేరు, పుస్తకాలు, దేశదేశాల ప్రయాణాలు. 1929లో తన పేరిట అంతర్జాతీయ సంఘం పెట్టారు. ముస్సోలినీ ప్రభుత్వం ఆమె బడులకు అండగా ఉంటానంటే పదేళ్లు ఆ అండ తీసుకున్నారు. దాన్ని దాచడం మాకు ఇష్టం లేదు. చివరికి పడక 1934లో బడులు మూతపడ్డాయి, ఆమె దేశం విడిచారు. స్పెయిన్ చేరితే అక్కడ అంతర్యుద్ధం. అక్కణ్ణుంచి హాలెండ్.

మన మదనపల్లెలో అనీబిసెంటు పేరు మీద దివ్యజ్ఞాన సమాజం వారి కళాశాల ఉంది కదా, ఆ సమాజం పెద్ద మఠం మద్రాసు అడయారులో ఉంది. దాని అధ్యక్షుడు అరుండేల్, ఆయన భార్య రుక్మిణీదేవి పిలిస్తే 1939 నవంబరులో మాంటిస్సోరి కొడుకుతో కలిసి మద్రాసు వచ్చారు. అప్పటికి ఆమెకు 69 ఏళ్లు. కొద్ది నెలల శిక్షణ ఇచ్చి వెళ్లిపోదామని వచ్చినవారు యుద్ధం వల్ల 1946 దాకా ఉండిపోయారు. మొదటి తరగతికే దేశం నలుమూలల నుంచి 300 మందికి పైగా వచ్చారు. తాటాకు పందిళ్లలో పాఠాలు. ఆమె ఇటాలియన్‌లో చెప్పేవారు, మారియో ఇంగ్లీషులోకి మార్చేవాడు. వినేవాళ్లు తెలుగు, తమిళం, గుజరాతీ, మరాఠీ మాట్లాడేవాళ్లు. మాట ఇన్ని చేతులు మారినా పాఠం చెడలేదు. అసలు పాఠం ఆమె చేతుల కదలికలో ఉండేది కనుక.

1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలోకి దిగడంతో తల్లీకొడుకులు బ్రిటిషు వారికి శత్రుదేశస్థులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు, ఆమెను అడయారు ఆవరణ దాటవద్దన్నారు. ఆగస్టు 31న ఆమె 70వ పుట్టినరోజుకు కానుకగా వైస్రాయి మారియోను విడిపించాడు. ఇన్నేళ్లూ లోకం ముందు కొడుకు అనలేకపోయిన వాణ్ణి ఆ సర్కారు తంతి కొడుకుగానే గుర్తించిందని ఆమె జీవితం రాసినవాళ్లు చెబుతారు. మధ్యలో రెండేళ్లు కొడైకెనాల్లో బడి నడిపారు. మొత్తం మీద మన దేశంలో వెయ్యి మందికి పైగా ఉపాధ్యాయులు ఆమె దగ్గర తయారయ్యారు. విజయవాడ, కర్నూలు లాంటి ఊళ్లలో మాంటిస్సోరి పేరు ఇంతగా నాటుకోవడానికి మూలం అడయారు పందిళ్లే. 1952 మే 6న హాలెండ్‌లో, సముద్రం ఒడ్డున నార్ద్‌వైక్ అనే ఊళ్లో ఆమె కన్నుమూశారు. 81 ఏళ్లు. ఆ రోజు కూడా ఆఫ్రికా వెళ్లే మాట మాట్లాడుతున్నారట.

ఆమె అల్జీమర్స్ రోగులకు ఎప్పుడూ పాఠం చెప్పలేదు. ఆ పని చేసింది 1990లలో అమెరికాలో కామెరాన్ క్యాంప్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త. పిల్లల బడిలోని వస్తువులు, పద్ధతులు చూసి, ఇవి పెద్దవాళ్లకు ఎందుకు పనికిరావని ఆయన మొదలుపెట్టాడు. ఇప్పుడు మాంటిస్సోరి పెట్టిన అంతర్జాతీయ సంఘంలోనే వృద్ధాప్యం, డిమెన్షియా కోసం ఒక విభాగం ఉంది.

ఎందుకు పనికొస్తుందంటే, జ్ఞాపకాలన్నీ మెదడులో ఒకే బీరువాలో ఉండవు. ఈరోజు ఏం తిన్నాం, ఎవరొచ్చారు అన్నది ఒక చోట నమోదవుతుంది. అల్జీమర్స్ మొదట కొట్టేది దాన్నే. చేతి అలవాట్లు ఉండేది ఇంకో చోట, మెదడు లోతుల్లో. అది చాలాకాలం నిలుస్తుంది. అందుకే పొద్దున తిన్నామో లేదో తెలియని అవ్వ, నానిన అనపగింజలు ముందు పెడితే తొక్క వలిచి పితికిపప్పు గిన్నె నింపేస్తుంది. కొడుకు పేరు తడబడే తాత పంచె కట్టు తప్పడు. పాత అలవాట్లు నిలవడమే కాదు, ఒక పనిని రోజూ ఒకే తీరుగా, ఒకే చోట చేయిస్తే కొత్త అలవాటు కూడా నిదానంగా చేతికి పడుతుంది. నేర్చుకున్నానన్న సంగతి గుర్తుండకపోవచ్చు, పని మాత్రం వస్తుంది.

ఆమె పిల్లలకు పెట్టిన నియమాలు ఇక్కడ దాదాపు అలాగే నడుస్తాయి. పనికి కావలసినవన్నీ ముందే వరుసగా పేర్చి పెట్టాలి, అక్కరలేనివి తీసేయాలి. చేసి చూపేటప్పుడు మాట్లాడకూడదు, మాట్లాడేటప్పుడు చేయకూడదు, రెండూ కలిస్తే వాళ్లకు ఏదీ అందదు. నిదానంగా చూపి, చెయ్యి వాళ్లకు వదిలేయాలి. చొక్కా తొడుక్కోవడం మొత్తం రాకపోతే మనం చేతులు తొడిగించి చివరి రెండు గుండీలు వాళ్లకు వదలాలి.

ఒక్క చోట తేడా ఉంది. పిల్లవాడు తప్పు చేసి, చూసుకుని, దిద్దుకుంటాడు. మాంటిస్సోరి దాన్నే కోరుకున్నారు. మతిమరుపు ఉన్నవాళ్లకు తప్పు చేశామన్న సంగతి గుర్తుండదు, తప్పు కదలిక మాత్రం చేతిలో ఉండిపోతుంది. కనుక వాళ్లను ఊహించమని, గుర్తుచేసుకోమని పరీక్ష పెట్టకుండా తప్పు జరగకముందే సాయం అందించాలి. నేను ఎవరో చెప్పు చూద్దాం అని వచ్చినవాళ్లందరూ అడగడం మన ఇళ్లలో పెద్ద ముచ్చట. అది మానుకుంటే మంచిది.

ఏదైనా ఒక చిన్న సంగతి నేర్పాలంటే ఇంకో ఉపాయం ఉంది. కళ్లజోడు జేబులో ఉంది అని చెప్పి, వెంటనే ఎక్కడుందని అడుగుతారు. సరిగ్గా చెబితే అర నిమిషం తర్వాత, ఆపైన ఒక నిమిషం, రెండు, నాలుగు, ఎనిమిది. తప్పితే జవాబు తామే చెప్పి, అంతకుముందు నెగ్గిన వ్యవధికి తిరిగి వస్తారు. జవాబుతో పాటు చెయ్యి కూడా జేబు మీదికి వెళ్లేలా చూస్తారు. తైవాన్‌లో వృద్ధుల నిలయాల్లో ఈ ఉపాయాన్ని, మాంటిస్సోరి పనులను కలిపి వాడితే తమంతట తాము అన్నం తినడంలో పెద్దవాళ్ల ఇబ్బందులు తగ్గినట్టు తేలింది. బ్రిటన్‌లో 470 మందికి పైగా రోగులతో ఒక పెద్ద పరీక్ష చేసి 2019లో ఫలితాలు వెల్లడించారు. అందులో ఏ పని తిరిగి కావాలో రోగినే అడిగి, ఇంటికి వచ్చి మూడు నెలల్లో పదిసార్లు అభ్యాసం చేయించారు. కోరుకున్న పనుల్లో మెరుగుదల కనిపించింది. జ్ఞాపకశక్తి పరీక్షల్లో మార్పు లేదు. ఇది స్పష్టంగా చెప్పుకోవాలి. జబ్బు ఆగదు, తగ్గదు. ముదిరేకొద్దీ నేర్పిన పని కూడా జారిపోతుంది. ఈ పద్ధతుల పేరు చెప్పి నయం చేస్తామని డబ్బు అడిగేవాళ్లు దొరికితే నమ్మవద్దు.

ముసలితనం రెండో బాల్యం అనే మాట కూడా మాకు మింగుడు పడదు. పద్ధతి పిల్లల బడి నుంచి వచ్చినా వస్తువులు పిల్లలవి కాకూడదు. అరవై ఏళ్లు ఇల్లు నడిపిన మనిషి ముందు ప్లాస్టిక్ బొమ్మలు పెట్టడం అవమానం. చేటలో సెనక్కాయలు, కట్టాల్సిన పూలు, మడతపెట్టాల్సిన తువ్వాళ్లు, తుడవాల్సిన ఇత్తడి చెంబు మన ఇళ్లలోనే ఉన్నాయి. పొయ్యి, కత్తి, గ్యాసు మాత్రం దూరం. మన ఇళ్లలో జరిగే నష్టం నిర్లక్ష్యం వల్ల కంటే ప్రేమ వల్లే ఎక్కువ. నువ్వు కూర్చో అత్తా, నేను చేస్తాను అని కోడలు చేతిలో పని లాక్కుంటుంది. ఆరు నెలలు అలా కూర్చోబెడితే ఆ పని మళ్లీ ఆ చేతికి తీసుకురావడం చాలా కష్టం. బిడ్డలను పనికి, బడికి పంపి ఇల్లు చూసుకునే కోడలికి రెండు గుండీల కోసం పది నిమిషాలు నిలబడే తీరిక ఎక్కడిదని అడిగితే, నిజమే. అందుకే మగవాళ్లు కూడా ఆ పది నిమిషాలు నిలబడాలి.

ముందు డాక్టరుకు చూపించడం ముఖ్యం. థైరాయిడ్, బి12 లోపం, మనోవ్యాకులత వల్ల వచ్చే మతిమరుపుకు మందు ఉంది. మనకు దగ్గరలో బెంగుళూరు నిమ్హాన్స్ ఉంది. వృద్ధుల సహాయానికి 14567 నంబరుకు డబ్బు కట్టకుండా ఫోన్ చేయవచ్చు.

మా పాఠకులకు నచ్చే మాట ఒకటి, కొందరికి నచ్చని మాట ఒకటి మిగిలాయి. 2013లో హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగుల వివరాలు పరిశీలించి, రెండు భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు దాదాపు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైందని ప్రకటించింది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం మాట్లాడే మనకు ఇది మంచి కబురే.

రెండో మాట ఇది. అల్జీమర్స్ వచ్చినా చదివే అలవాటు చాలాకాలం నిలుస్తుంది కాబట్టి అల్మారా మీద, స్నానాల గది తలుపు మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి అంటించడం ఎంతో ఉపకరిస్తుందని క్యాంప్ లాంటి వాళ్లు చూపారు. మన పెద్దవాళ్లు మాట్లాడేది తెలుగు. చదువుకున్నది కన్నడ బడిలో. వాళ్ల కంటికి అలవాటైన అక్షరం కన్నడమైతే కన్నడంలోనే రాయండి. తెలుగు సంఘం కార్యదర్శి ఇలా రాయవచ్చా అని మా కమిటీలోనే ఒకరిద్దరు అంటారని తెలుసు. అయినా అవ్వకు స్నానాల గది దొరకడం ముఖ్యం. పిలిచేది, ఊరడించేది, పని చూపేటప్పుడు చెప్పే ఒకటి రెండు ముక్కలు మాత్రం ఆమె చిన్నప్పుడు విన్న తెలుగులోనే చెప్పండి. చదువు రానివాళ్లయితే తలుపు మీద కాగితం బదులు, కంటికి ఎదురుగా ఒక చెంబు, తువ్వాలు తగిలించండి.